కౌన్సెలర్ ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విపత్తుల సమయంలో మనసు గురించి వచ్చిన వ్యాసం చదివాను. మంచి ఉద్దేశంతోనే రాశారు, కాదనను. కానీ అందులో "మానసిక నిపుణులు ముందుకొచ్చి బాధితులకు ధైర్యం చెప్పాలి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పేపరు పక్కన పెట్టి, టీ పెట్టుకుని వచ్చి మళ్ళీ చదివాను. అదే మాట. బాధితులంతా ఒక ఒడ్డున, నిపుణులంతా ఇంకో ఒడ్డున ఉన్నట్టుంది ఆ రాత. నేను విజయవాడ పాయకాపురంలో ఉంటాను, 16 ఏళ్ళుగా కౌన్సెలింగే నా పని. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు నీళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు నువ్వు ఏ ఒడ్డు మనిషివి అని నన్ను అడిగి రాలేదు.

మేం పై వాటాలో ఉంటాం. కింద ముందు గదిలో నేను క్లయింట్లను చూస్తాను, అంటే అప్పుడు చూసేదాన్ని. పొద్దున మా అత్తగారు కిందకి చూసి "గేటు కనపడట్లేదే" అన్నారు. మధ్యాహ్నానికి నా గదిలో కుర్చీలు తేలుతున్నాయి. కరెంటు అప్పటికే పోయింది. నా ఫోన్‌లో చార్జింగ్ సగం కూడా లేదు. ఆ రోజుల్లో వారం వారం నా దగ్గరికి వచ్చేవాళ్ళు 18 మంది, వాళ్ళలో 11 మంది సింగ్ నగర్, వాంబే కాలనీ, నందమూరి నగర్, రాజరాజేశ్వరిపేటల వాళ్ళే. అంటే నీళ్ళలోనే ఉన్నారు. ఇంట్లో బియ్యం ఎంతున్నాయో, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని రోజులకి వస్తాయో చూడాల్సిన టైంలో నేను మెట్ల మీద కూర్చుని ఆ 11 మందికీ ఏమని మెసేజ్ పెట్టాలా అని ఆలోచిస్తున్నాను. మా ఆయనకి కోపం వచ్చింది. న్యాయమే.

చివరికి పెట్టింది రెండు లైన్లు. నేను క్షేమం, మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి, ఈ వారం సెషన్లు ఉండవు, మీరు ఎక్కడున్నారో ఒక్క ముక్క చెప్పండి, మాత్రలు వాడేవాళ్ళు మాత్రలు ఉన్నాయో లేదో చెప్పండి అని. ఈ రెండు లైన్లు పెట్టడానికి నాకు అరగంట పట్టింది. ఎందుకంటే మా పనిలో నేర్పే మొదటి పాఠం, నీ సంగతులు క్లయింటు ముందు పెట్టకు అని. మామూలు రోజుల్లో నాకు జ్వరం వచ్చిన సంగతి కూడా చెప్పను, "వేరే రోజు పెట్టుకుందాం" అంటాను, అంతే. కానీ ఊరంతా మునిగిందని టీవీలో చూపిస్తుంటే, నేను పాయకాపురంలో ఉంటానని వాళ్ళకి తెలిసి కూడా ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, అది పద్ధతి పాటించడం అవ్వదు. దాపరికం అవుతుంది.

చెప్పినందుకు ఏమైందో కూడా రాస్తాను. ఒకావిడ, మూడేళ్ళుగా వస్తున్నావిడ, వారం తర్వాత ఫోన్ చేసి మొత్తం నా గురించే అడిగింది. పాలు దొరుకుతున్నాయా మేడం, బురద తీయించారా మేడం, మా తమ్ముడిని పంపించనా మేడం. పది నిమిషాలు అయ్యాక "మరి మీ సంగతి?" అంటే, "మీకే ఇంత కష్టం వచ్చింది, ఇంక నాదేం చెప్పను" అంది. ఆమె ఇంట్లో కప్పు దాకా నీళ్ళు. నాకు అప్పుడు అర్థమైంది, సామూహికంగా వచ్చిన కష్టంలో థెరపీకి పడే మొదటి దెబ్బ ఇదే. క్లయింటు మనల్ని కాపాడటం మొదలుపెడతారు. తమ ఏడుపును మన కోసం దాచుకుంటారు. ఇంట్లో అమ్మ ముందు, భర్త ముందు దాచుకునేది చాలక, దాచుకోనక్కర్లేని ఆ ఒక్క చోట కూడా దాచుకోవడం. అప్పటి నుంచి నేను ఒక మాట తయారుగా పెట్టుకున్నాను. "మా ఇల్లూ మునిగింది, నిజమే. నా గోడు వినడానికి నాకు మనుషులున్నారు, నేను వాళ్ళతో చెప్పుకుంటున్నాను. ఈ గంట మాత్రం మీది." ఇందులో ప్రతి ముక్కా నిజమైతేనే ఇది పనిచేస్తుంది. నా గోడు వినడానికి మనుషులు లేకపోతే అది వట్టి డైలాగు, అవతలివాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

మాత్రల సంగతి మీ వ్యాసంలో లేదు. అసలు ముందు రాయాల్సింది అదే. కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది సైకియాట్రిస్టు దగ్గర మందులు కూడా వాడుతుంటారు. వరదలో మాత్రల డబ్బా పోయింది, డాక్టరు రాసిన చీటీ కూడా పోయింది, చీటీ లేకుండా మెడికల్ షాపువాడు ఆ మందులు ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. ఫిట్స్‌కి, మూడ్ మార్పులకి వాడే కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. నేను మందులు రాసేదాన్ని కాదు, ఆ అర్హత నాకు లేదు, కానీ వరద మొదటి నాలుగు రోజులూ నేను చేసిన అసలు కౌన్సెలింగ్ ఏమిటంటే ఎవరి డాక్టరు ఎక్కడున్నారో పట్టుకోవడం, పాత చీటీ ఫోటో ఎవరి వాట్సాప్‌లో ఉందో వెతికించడం, ఆ ఫోటో పడవ మీద వెళ్ళే కుర్రాడికి చేర్చడం. ధైర్యం ఎవరికీ చెప్పలేదు. ఒకాయనకి మాత్రలు చేరాయి, ఆ రాత్రి నిద్రపోయాడు. అంతకంటే ధైర్యం ఏముంటుంది చెప్పండి.

(మీ పాఠకుల్లో ఇలాంటి మందులు వాడేవాళ్ళుంటే, చీటీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి, ఇవాళే. ఉత్తరం మధ్యలో ఇదేమిటి అనుకోకండి.)

నీళ్ళు వారం పైగా నిలిచాయి కదా. తగ్గాక కింద గది తలుపు నెడితే రాలేదు, బురద అడ్డం. ఫైరింజన్లు వచ్చి పైపులతో ఇళ్ళు కడుగుతున్నాయి, వేరే ఊళ్ళ నుంచి వచ్చిన మున్సిపల్ వర్కర్లు వీధి పొడవునా పరుపులు, సోఫాలు, పిల్లల పుస్తకాలు ట్రాక్టర్లలోకి ఎత్తుతున్నారు. అందరూ అన్నీ బయట పడేస్తున్నారు. నా బీరువాలో ఏళ్ళ తరబడి రాసుకున్న కేస్ నోట్స్ ఉన్నాయి. తడిసి, ఒకదానికొకటి అంటుకుని, అక్కడక్కడా సిరా కరిగి, అయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఎవరి భర్త ఏం చేశాడో, ఎవరు ఎన్నిసార్లు చచ్చిపోదామనుకున్నారో, అన్నీ. వాటిని ట్రాక్టర్లో వెయ్యలేను. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గోప్యత అంటుంది, చట్టం లేకపోయినా వెయ్యలేను. సాయం చెయ్యడానికి వచ్చిన మా ఆడపడుచు కొడుకు ఆ కట్టలు ఎత్తుతుంటే "ముట్టుకోకు" అని అరిచాను, పాపం వాడు బిత్తరపోయాడు. తర్వాత నేనొక్కదాన్నే వాటిని బకెట్లలో పైకి మోసి, పడగ్గదిలో తాళ్ళు కట్టి, రాసిన వైపు గోడకి తిప్పి ఆరేశాను. పనికొచ్చేవాటిని తిరగరాసుకుని, మిగతావి డాబా మీద కాల్చాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఇంట్లో వంటకి చోటు లేక, పడుకోవడానికి చోటు లేక అందరూ ఇబ్బంది పడుతుంటే నా పడగ్గదిలో ఊరి రహస్యాలు తాళ్ళ మీద వేలాడుతున్నాయి. విపత్తుల మీద శిక్షణ నేనూ తీసుకున్నాను. ఈ పాఠం అందులో లేదు. ఇప్పుడైతే నోట్స్ కంప్యూటర్లో, పాస్‌వర్డుతో పెడుతున్నాను.

ఇప్పుడు సిగ్గుపడే సంగతి ఒకటి చెప్తాను. ఇది చెప్పకపోతే మిగతాదంతా గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. సెప్టెంబరు మూడో వారంలో మళ్ళీ ఫోన్లో సెషన్లు మొదలుపెట్టాను. ఒకమ్మాయి, బెంజి సర్కిల్ వైపు ఉంటుంది, వాళ్ళింట్లోకి చుక్క నీరు రాలేదు. తను చేసిన కూరకి అత్తగారు వంకలు పెడుతుందని చెప్తోంది. వింటున్నాను, వింటున్నాను, లోపల నుంచి ఒక కోపం వచ్చింది చూడండి. నా కాళ్ళ దగ్గర ఇంకా బురద వాసన వస్తోంది, ఈ పిల్లకి కూర గొడవ! నోటితో ఏమీ అనలేదు. కానీ గొంతు మారింది, ఆ అమ్మాయికి తెలిసిపోయింది, "మీరు అలిసిపోయినట్టున్నారు మేడం, వచ్చేవారం మాట్లాడతా" అని పెట్టేసింది. ఆ అమ్మాయి రెండేళ్ళుగా నలిగిపోతున్నది ఆ కూరల గొడవలోనే. వరద వచ్చిందని ఆ కష్టం చిన్నదైపోదు. ఆ రోజు చిన్నదైపోయింది నేను.

ఆ సాయంత్రమే గుంటూరులో మా సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. "రోజుకి ఎంతమందిని తీసుకుంటున్నావు?" అని అడిగారు. ఆరుగురు అన్నాను. "ఇల్లు కడిగి ఎన్ని రోజులైంది?" నాలుగు. "ముగ్గురికి తగ్గించు, నీళ్ళు చూడని వాళ్ళని రెండు వారాలు నా దగ్గరికి పంపు, వాళ్ళకి ఎందుకో దాచకుండా చెప్పి పంపు." అంతే. ఇది జీతం ఇచ్చే ఆఫీసులో పై అధికారి చెప్పే మాట లాంటిది, కానీ మాకు పై అధికారి లేడు. సొంతంగా ప్రాక్టీసు చేసుకునేవాళ్ళకి సూపర్‌విజన్, అంటే అనుభవం ఉన్న ఇంకొకరు మన పని చూసి సలహా చెప్పడం, ఎవరికి వాళ్ళు వెతుక్కోవాలి, దానికి డబ్బు కట్టుకోవాలి, లేకపోతే స్నేహం మీద నడవాలి. తర్వాత గుంటూరు, ఏలూరు, హైదరాబాద్ నుంచి నలుగురం కలిసి రాత్రి తొమ్మిదికి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం, వారానికి మూడుసార్లు. క్లయింట్ల పేర్లు చెప్పం. మాకేమైందో చెప్పుకుంటాం. ఒకరోజు నలుగురిలో ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, లైన్లో ఉన్నాం అంతే.

గదిలో దీపాలు, మంచి సంగీతం, గోరువెచ్చని నీళ్ళ స్నానం అంటూ "సెల్ఫ్ కేర్" చిట్కాలు ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఒక దణ్ణం. ట్యాంకులో నీళ్ళే లేవండీ.

సామూహిక కష్టం మాకు ఇదే మొదటిది కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో వేవ్‌లో కూడా ఇలాగే ఉండేది. ఇంట్లో అందరూ ఉంటారు కాబట్టి క్లయింట్లు డాబా మీద నుంచి, ఆపి ఉంచిన కార్లోంచి, ఒకసారి బాత్‌రూంలోంచి కూడా మాట్లాడారు. ఆక్సిజన్ కోసం తిరుగుతున్న మనిషి మధ్యలో ఫోన్ ఎత్తి "ఒక్క నిమిషం మేడం" అని వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు, నాలుగు రోజులకి వచ్చాడు. అప్పుడు నా పక్క గదిలో మా నాన్న ఉన్నాడు, ఆక్సిమీటర్ పెట్టుకుని. ఆ వేలికి పెట్టే క్లిప్పు అంకె చూసి వచ్చి, ఇంకొకరి భయాన్ని వినడం. 2001 సెప్టెంబరు 11 తర్వాత న్యూయార్క్‌లో థెరపిస్టులు సరిగ్గా ఈ పరిస్థితి మీద చాలా రాశారు, క్లయింటుకీ థెరపిస్టుకీ ఒకే దెబ్బ ఒకే రోజు తగిలితే ఏమవుతుందని, దాన్ని షేర్డ్ ట్రామా అన్నారు. పేరు కొత్తది. దివిసీమ మనుషులకి సంగతి పాతదే. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత శవాలు మోసినవాళ్ళూ, గంజి కాచినవాళ్ళూ, ఏడ్చినవాళ్ళూ ఒకళ్ళే కదా. మా పెదనాన్న అవనిగడ్డ దగ్గర మాస్టారు. ఆ తర్వాత పిల్లలకి పాఠాలు చెప్తూనే ఉన్నాడు, హాజరు పట్టీ మాత్రం ఎప్పుడూ పైకి చదివేవాడు కాదట. తలలు లెక్కపెట్టుకుని వేసుకునేవాడట. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇక ఫారాలు పట్టుకుని వచ్చినవాళ్ళ సంగతి. నీళ్ళు ఇంకా మోకాళ్ళ లోతు ఉండగానే ఒక సంస్థ వాళ్ళు, పేరు వద్దు, కౌన్సెలింగ్ చేస్తామని వచ్చారు. టీషర్టులు, బ్యానరు, ఫోటోగ్రాఫరు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి "ఆ రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి, చెప్పేస్తే తేలికవుతుంది" అంటున్నారు. అలా అప్పుడే తవ్వి చెప్పించడం వల్ల లాభం లేదని, ఒక్క విడతలో చేసే ఆ పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పి ఏళ్ళవుతోంది. చెయ్యాల్సింది దానికంటే చిన్న పని, దానికంటే కష్టమైన పని. ఎవరికి ఏం కావాలో చూడటం, చెప్తే వినడం, చెప్పకపోతే ఊరుకోవడం, నీళ్ళ బాటిలో చార్జరో కూతురి ఫోన్ నంబరో ఏది కావాలో దానితో కలపడం. ఎక్కువమంది తమంతట తామే కోలుకుంటారు, ఇల్లు ఒక దారికి వచ్చి, పిల్లలు బడికి వెళ్ళి, నలుగురూ పక్కనుంటే చాలు. కొందరు కోలుకోరు. నెల దాటినా నిద్ర పట్టనివాళ్ళు, వాన చప్పుడుకి లేచి కాలవ చూసొచ్చేవాళ్ళు, తాగుడు పెరిగినవాళ్ళు, వాళ్ళని పట్టుకోవాలి. ఆ పని నెల తర్వాత మొదలవుతుంది, అప్పటికి టీషర్టులు వెళ్ళిపోతాయి. నన్ను కూడా ఒక కుర్రాడు కూర్చోబెట్టి ఫారం తీశాడు. "మీ వృత్తి?" అన్నాడు. చెప్పాను. పెన్ను ఆపి నవ్వాడు, నేనూ నవ్వాను. తర్వాత వాడే అన్నాడు, నాలుగు రోజుల నుంచి వింటున్నానండీ, రాత్రి అన్నం దిగట్లేదు, ఎవరికి చెప్పాలో తెలియట్లేదు అని. 22 ఏళ్ళుంటాయేమో. వాడికి ఒక రోజు శిక్షణ ఇచ్చి పంపారట. ఆ రోజు మా మెట్ల మీద వాడు మాట్లాడాడు, నేను విన్నాను. ఫారం ఖాళీగానే తీసుకెళ్ళాడు.

అందుకే నేను అడిగేది ధైర్యం చెప్పేవాళ్ళని పంపమని కాదు. జిల్లాలో విపత్తు ప్రణాళిక రాసేటప్పుడు పడవలు ఎన్ని, జనరేటర్లు ఎన్ని అని రాస్తారు కదా, అందులోనే ఇంకో మూడు లైన్లు రాయండి అని. మునిగిన వార్డులో ఉండే కౌన్సెలర్లనీ ఆశా కార్యకర్తలనీ మొదటి వారం డ్యూటీకి వెయ్యకండి, పక్క జిల్లా వాళ్ళని తెప్పించండి, మళ్ళీ వాళ్ళ జిల్లాకి మేం వెళ్తాం. వచ్చినవాళ్ళని వారం మించి ఉంచకండి, రోజూ సాయంత్రం వాళ్ళ మాట వినడానికి ఒక అనుభవం ఉన్న మనిషిని పెట్టండి. సైకియాట్రీ మందులు మెడికల్ క్యాంపులో మొదటి రోజే ఉంచండి, పాము కాటు ఇంజెక్షన్ పక్కనే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది, 24 గంటలూ తెలుగులో కూడా మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు, మీరు ఆ వ్యాసం చివర దాన్ని వెయ్యాల్సింది, వెయ్యలేదు. ఆ ఫోన్ ఎత్తేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. వాళ్ళూ ఏదో ఊళ్ళో, ఏదో వానలో ఉంటారు.

డబ్బు మాట ఎత్తితే బాగోదంటారు, అయినా ఎత్తుతాను. సెప్టెంబరు నెలలో నా సంపాదన దాదాపు సున్నా. కింద వాటా మునిగినవాళ్ళకి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది, అది గది గోడలకీ తలుపుకీ సరిపోయింది. అదే నెలలో "మీరు మానసిక నిపుణులు కదా, మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఫ్రీగా ఒక సెషన్ పెట్టండి, సేవ కదా" అని వచ్చిన ఫోన్లు లెక్కలేదు. రెండు పెట్టాను. మూడోది కుదరదన్నాను. ఆ చెప్పడానికి కూడా సీనియర్‌కి ఫోన్ చెయ్యాల్సొచ్చింది, నవ్వుకోండి. ఎలక్ట్రీషియన్‌ని ఎవరూ అలా అడగలేదు, ఆయన ఇల్లూ మునిగింది మరి.

మీ విలేకరుల గురించి కూడా ఒక్క మాట. మా వైపు నడుం లోతు నీళ్ళలో కెమెరా ఎత్తిపట్టుకుని తిరిగిన కుర్రాళ్ళని మేడ మీద నుంచి చూశాం. ఏడుస్తున్న ముఖాలు దగ్గరగా తీసి, సాయంత్రానికి పంపి, మర్నాడు మళ్ళీ వచ్చారు. వాళ్ళలో ఒకరు చాలా నెలల తర్వాత నా దగ్గరికి వచ్చారు, ఏ పత్రికో చెప్పను, మీదో కాదో కూడా చెప్పను. మీ ఆఫీసులో వాళ్ళని ఎవరైనా అడిగారా, ఎలా ఉన్నావురా అని? అడగకపోతే ఇప్పుడైనా అడగండి. ఏటా వినాయక చవితి దగ్గరపడేసరికి మా వైపు చాలామందికి నిద్ర చెడుతుంది. ఆ ఏడాది చవితి నాటికి ఇంకా కొన్ని వీధుల్లో నీళ్ళే ఉన్నాయి కాబట్టి పత్రి వాసన వస్తే బురద వాసన గుర్తొస్తుంది. నాకూ వస్తుంది. ఆ వారం నేను సెషన్లు సగానికి తగ్గిస్తాను, క్లయింట్లకి ముందే చెప్తాను, బుడమేరుకి మళ్ళీ గండి పడిందని వాట్సాప్‌లో ఏదొచ్చినా కలెక్టర్ ఆఫీసు చెప్పేదాకా నమ్మొద్దని కూడా చెప్తాను. ఒక క్లయింటు అడిగింది, "మీకూ భయమేనా మేడం?" అని. భయమే అన్నాను. "సరే అయితే" అని తన సంగతి మొదలుపెట్టింది.

ఉత్తరం పెద్దదైంది, కత్తిరించుకోండి, మందుల చీటీ సంగతి, 14416 మాత్రం కత్తిరించకండి. నా పేరు వెయ్యొద్దు. వేస్తే నా క్లయింట్లు చదివి, సెషన్ మొదటి పది నిమిషాలూ మళ్ళీ నా గురించే అడుగుతారు.

ఇట్లు,
ఒక కౌన్సెలర్,
పాయకాపురం, విజయవాడ